షికాగోలో ఆరు నెలలు: అమ్మాయి ఇంటికి వెళ్ళే తల్లిదండ్రులకు పగటి పూట ఎలా గడుస్తుంది?

మాస్టారు గారికి నమస్కారం. మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను. మీరు తెనాలిలో లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశారు. మీ అమ్మాయి, అల్లుడు షికాగో నగరంలో ఎడ్జ్‌వాటర్ అనే పేటలో, మిషిగన్ సరస్సుకు దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంటులో ఉంటున్నారు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళతారు. మీరు, మీ శ్రీమతి గారు దసరా అయ్యాక బయలుదేరి ఉగాది నాటికి తిరిగి రావాలనుకుంటున్నారు. పొద్దున్న పిల్లలు వెళ్ళిపోయాక సాయంత్రం వాళ్ళు వచ్చేదాకా ఆ ఊళ్ళో మీకు ఎలా గడుస్తుంది, దేనికి సిద్ధపడి రావాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా ఈ నగరంలోనే ఉంటున్నాను. మా ఇంటికీ, చుట్టుపక్కల తెలుగు వారి ఇళ్ళకూ వచ్చి వెళ్ళిన పెద్దవాళ్ళను దగ్గరగా చూశాను. సంతోషంగా గడిపి వెళ్ళిన వారికీ, రెండో నెలకే తిరుగు టికెట్టు తేదీ ముందుకు జరపమని పిల్లలను అడిగిన వారికీ మధ్య నాకు కనిపించిన తేడా ఒక్కటే. మొదటివారు ఎవరి తోడూ లేకుండా ఇల్లు దాటి వెళ్ళి, తిరిగి రాగలిగారు. డబ్బు, ఇంగ్లీషు, భోజనం, టీవీ అన్నీ దాని తరువాతివే. అందువల్ల నా సమాధానం చాలావరకు ఆ ఒక్క విషయం మీదే ఉంటుంది.

ముందుగా కాలం సంగతి చెప్పాలి. మీరు ఎంచుకున్న నెలలు ఈ నగరంలో ఇల్లు దాటడానికి అన్నిటికన్నా కష్టమైనవి. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున సున్నాకు 7, 8 డిగ్రీలు దిగువకు పడిపోతుంది. 2019 జనవరి 30న అది మైనస్ 31 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళింది. అటువంటి రోజులు అరుదే గానీ, సరస్సు మీది గాలి తోడైతే మామూలు రోజున కూడా చెవులు, వేళ్ళు నిమిషాల్లో మొద్దుబారతాయి. చలికన్నా పెద్దవాళ్ళను ఎక్కువగా కుంగదీసేది చీకటి అని నేను గమనించాను. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర లోపే సూర్యాస్తమయం అయిపోతుంది, అంటే మీ అమ్మాయి ఇంటికి వచ్చేసరికి బయట పూర్తిగా రాత్రి. అదే జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగు ఉంటుంది, పిల్లలు వచ్చాక కూడా అందరూ కలిసి నడకకు వెళ్ళవచ్చు. అమ్మాయికి ప్రసవం వంటి తప్పనిసరి కారణం ఏదీ లేకపోతే, ఉగాది, శ్రీరామనవమి ఇంటి దగ్గరే చేసుకుని, ఏప్రిల్ చివరలో బయలుదేరి దసరా నాటికి తిరిగి రమ్మని నా గట్టి సలహా. టికెట్లు కొనకముందే దీని మీద ఇంట్లో మాట్లాడుకోండి.

చలికాలంలోనే రావలసి వస్తే బట్టలు తెనాలిలో కొనకండి. అక్కడ దొరికే స్వెట్టర్లు ఇక్కడి అక్టోబరుకు మాత్రమే సరిపోతాయి. మోకాళ్ళ దాకా వచ్చే కోటు, మంచు మీద జారని బూట్లు, చెవులు కప్పే టోపీ ఇక్కడే కొనుక్కోవాలి. మీ శ్రీమతి గారికి చీర కింద వేసుకునే ఉన్ని లెగ్గింగులు చాలా మేలు చేస్తాయి. కాలిబాట మీద పరుచుకున్న పలచని మంచుగడ్డ కంటికి కనిపించదు, దాని మీద జారి తుంటి ఎముక విరిగితే ప్రయాణమంతా ఆసుపత్రి పాలవుతుంది. కాబట్టి మంచు కురిసిన మరునాడు ఇంట్లోనే ఉండండి.

ఇక ఊరి వరుస నేర్చుకోవడం. ఈ విషయంలో షికాగో మీ వంటి లెక్కల మాస్టారికి ఎంతో అనువైన నగరం. స్టేట్, మాడిసన్ అనే రెండు వీధులు కలిసే కూడలిని సున్నాగా తీసుకుని ఊరంతటికీ ఇంటి నంబర్లు ఇచ్చారు. ఎడ్వర్డ్ బ్రెనన్ అనే ఆయన పట్టుబట్టి సాధించిన ఈ పద్ధతి 1909లో అమల్లోకి వచ్చింది. ఆ కూడలి నుంచి ఉత్తరానికి గానీ పడమరకు గానీ వెళితే మైలుకు 800 చొప్పున సంఖ్య పెరుగుతుంది. మీ పేటలో బ్రిన్ మార్ వీధి 5600 ఉత్తరం, డెవాన్ వీధి 6400 ఉత్తరం, కనుక రెంటికీ మధ్య దూరం సరిగ్గా ఒక మైలు. ఏ మూలన నిలబడి ఉన్నా వీధి పలకను, ఒక ఇంటి నంబరును చూస్తే మీ ఇల్లు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో మనసులోనే కట్టుకోవచ్చు. తూర్పున ఎప్పుడూ సరస్సే ఉంటుంది. ఫోనులో చార్జింగు అయిపోయినా దారి తప్పరన్న ధీమా వచ్చాక పెద్దవాళ్ళ నడకే మారిపోవడం నేను చూశాను. అందుకే అమ్మాయి ఇంటి నంబరు, వీధి పేరు, దగ్గరి స్టేషను పేరు ఇప్పుడే కంఠస్థం చేయండి, మీ శ్రీమతి గారి చేత కూడా చేయించండి.

రోడ్డు దాటడంలో ఒక ప్రమాదం ఉంది, దానిని తేలికగా తీసుకోవద్దు. మన దగ్గర బళ్ళు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి రోడ్డు మీద అడుగు పెట్టే ముందు మన తల తనంతట తానే కుడికి తిరుగుతుంది. ఇక్కడ మొదటి బండి ఎడమ వైపు నుంచి వస్తుంది. అరవై ఏళ్ళ అలవాటు ఒక రోజులో పోదు, అందువల్ల మొదటి వారమంతా గట్టు మీద ఆగి, రెండు వైపులా చూసి, నడిచే మనిషి బొమ్మ తెల్లగా వెలిగాకే దిగండి. అప్పుడు కూడా కుడికి తిరిగే కార్ల మీద ఒక కన్ను వేసి ఉంచండి, ఎందుకంటే వేరే బోర్డు లేని చోట ఎర్ర దీపం ఉన్నా ఆగి చూసుకుని కుడికి తిరగడానికి ఇక్కడ అనుమతి ఉంది.

బస్సులకూ, రైళ్ళకూ కలిపి వెంట్రా అనే ఒకే కార్డు ఉంటుంది. మీ ఇద్దరికీ చెరొకటి కొనిపించండి. అందులో డబ్బు వేయించుకుని, ఎక్కేటప్పుడు యంత్రానికి తాకిస్తే చాలు. రెండు గంటల లోపు వేరే బస్సుకో రైలుకో మారితే మళ్ళీ పూర్తి ఛార్జీ పడదు. మీ పేట మీదుగా పోయేది రెడ్ లైన్, అది రాత్రింబగళ్ళు నడుస్తుంది. హోవర్డ్ అని రాసి ఉన్న రైలు ఉత్తరానికీ, నైంటీ ఫిఫ్త్ అని రాసి ఉన్నది ఊరి నడిబొడ్డు మీదుగా దక్షిణానికీ పోతాయి. బ్రిన్ మార్, ఆర్గైల్ స్టేషన్లను కొత్తగా కట్టి 2025లో తెరిచారు, లిఫ్టులు ఉన్నాయి కనుక మోకాళ్ళ నొప్పుల వారికి ఇబ్బంది లేదు. బస్సులో ముందు సీట్లు పెద్దవాళ్ళవే, మొహమాట పడకుండా కూర్చోండి. దిగవలసిన చోటికి ముందు కిటికీ పక్కనున్న తాడు లాగాలి. రైలులో మాత్రం పొద్దెక్కాక, పది మందీ ఉన్న పెట్టె చూసి ఎక్కండి. తలుపు పక్కన కూర్చుని ఫోను చేతిలో పట్టుకోకండి, బాగా రాత్రయ్యాక ఒంటరిగా రైలు ఎక్కకండి.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు, చేసి చూస్తేనే వస్తాయి. మొదటి శనివారం అమ్మాయి మిమ్మల్ని వెంట తీసుకువెళ్ళాలి. రెండోసారి మీరు ముందు నడవాలి, ఆమె ఏమీ చెప్పకుండా వెనక రావాలి. మూడోసారి మీరిద్దరే వెళ్ళిరావాలి. ఆ తరువాత మీ శ్రీమతి గారు ఒక్కరూ కనీసం గ్రంథాలయం దాకా వెళ్ళి రావాలి. ఈ చివరి మాట నేను ప్రత్యేకంగా నొక్కి చెబుతున్నాను. మన ఇళ్ళలో తండ్రి ఊరు నేర్చుకుంటాడు, తల్లి ఆయన వెనక నడుస్తుంది. ఆయనకు జలుబు చేసిన రోజున ఆమె కిటికీ దగ్గర కూర్చుండిపోతుంది. అమ్మ చేతిలో ఆమె సొంత ఫోను, సొంత కార్డు, సొంత తాళంచెవి ఉన్న ఇంట్లో ఇద్దరూ హాయిగా ఉంటారు.

వెళ్ళడానికి చోట్లు కావాలి కదా. మీ పేటకు ఉన్న పెద్ద భాగ్యం మిషిగన్ సరస్సు తీరం. ఈ నగరంలో తీరం చాలావరకు ప్రజలందరిదిగా మిగిలింది. 1836లోనే నగర పటం మీద నడిబొడ్డున ఉన్న ఒడ్డు భాగాన్ని ఎప్పటికీ ఖాళీగా, అందరికీ తెరిచి ఉంచాలని రాశారు. తరువాత అక్కడ భవనాలు కట్టబోతే మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడి ఆపించాడు. ఇప్పుడు తీరం వెంట సుమారు 18 మైళ్ళ బాట ఉంది, దాని ఉత్తరపు కొస మీ ఎడ్జ్‌వాటర్‌లోనే, ఆర్డ్‌మోర్ వీధి దగ్గర మొదలవుతుంది. సైకిళ్ళకు ఒక దారి, నడిచేవారికి ఒక దారి వేరుగా ఉన్నాయి, నడిచేవారి దారిలోనే నడవండి. పొద్దున్న అక్కడ రోజూ కనిపించే ముఖాలు వారం తిరిగేసరికి మిమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తాయి. చిరునవ్వుతో బదులు పలికితే చాలు, ఇంగ్లీషు వ్యాకరణం గురించి బెంగ పెట్టుకోకండి.

రెండోది గ్రంథాలయం. ఎడ్జ్‌వాటర్ శాఖ బ్రాడ్‌వే వీధి మీద, 6000 ఉత్తరం దగ్గర ఉంది. లోపలికి వెళ్ళడానికీ, కూర్చుని చదువుకోవడానికీ కార్డు అక్కరలేదు. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే అమ్మాయి కార్డు మీద తీసుకోవచ్చు. గడువు దాటితే జరిమానా వేసే పద్ధతిని ఈ నగర గ్రంథాలయాలు 2019లో ఎత్తివేశాయి. చలికాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా, డబ్బు ఖర్చు లేకుండా పూటంతా కూర్చోగలిగిన చోటు ఇంకొకటి లేదు. కొన్ని శాఖలలో కొత్తగా వచ్చినవారి కోసం ఇంగ్లీషు సంభాషణ బృందాలు నడుస్తాయి, మీ శాఖలో అడిగి చూడండి. 1995 జూలైలో ఇక్కడ వచ్చిన వడగాలికి 700 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తలుపులు వేసుకుని ఒంటరిగా ఉన్న వృద్ధులు. ఇప్పుడు ఎండలు, చలి ముదిరినప్పుడు తలదాచుకోవడానికి గ్రంథాలయాలను కూడా తెరిచి ఉంచుతున్నారు. నగర సేవల నంబరు 311కు ఫోన్ చేస్తే దగ్గరలో అటువంటి చోటు ఎక్కడుందో చెబుతారు.

మూడోది డెవాన్ వీధి. రెడ్ లైన్ మీదే ఉన్న లయోలా స్టేషను దగ్గర 155 నంబరు బస్సు ఎక్కితే నేరుగా మన దుకాణాల మధ్య దిగవచ్చు. వాటి సందడి 2200 పడమర దగ్గర మొదలవుతుంది. అక్కడ వీధిలో కొంత భాగానికి గాంధీ మార్గ్ అని గోధుమరంగు పలక ఉంటుంది. నేడు అమెరికా అంతటా కనిపించే పటేల్ బ్రదర్స్ మొదటి దుకాణం 1974లో తెరిచింది ఈ వీధిలోనే. గోంగూర, కరివేపాకు, సోనా మసూరి బియ్యం అన్నీ దొరుకుతాయి, కాబట్టి వాటిని పెట్టెల్లో మోసుకురాకండి. పచ్చి కరివేపాకును నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు భయంతోనూ, బియ్యాన్ని, శనగలను ఖప్రా అనే పురుగు భయంతోనూ విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఆకుకూరల కోసం డెవాన్ దాకా పోనవసరం కూడా లేదు, ఆర్గైల్ వీధిలోని వియత్నాం, చైనా వారి దుకాణాల్లో తాజా కూరలు రకరకాలుగా ఉంటాయి. తిండి సరుకుల మీద పన్ను స్వల్పమే గానీ, ఎక్కడ కొన్నా మిగతా చాలా వస్తువులకు అట్ట మీద రాసిన ధరకు పది శాతం పైన పన్ను కౌంటరు దగ్గర కలుస్తుంది. సంచికి విడిగా డబ్బు తీసుకుంటారు గనుక ఇంటి నుంచి గుడ్డసంచి పట్టుకువెళ్ళండి.

వారానికి ఒకసారి నడిబొడ్డుకు వెళ్ళండి. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడిన భవనమే ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. దాని పక్కనే మిలీనియం పార్కు, అందులో ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ చేసిన అద్దం వంటి పెద్ద శిల్పం ఉన్నాయి. కల్చరల్ సెంటరు, లింకన్ పార్కు జంతుప్రదర్శనశాల రెండూ ఉచితం. దేవాలయాలు మాత్రం దూరం. అరోరాలోని వేంకటేశ్వర స్వామి గుడికీ, లెమాంట్‌లోని రామాలయానికీ కారులోనే వెళ్ళాలి కనుక అవి శని, ఆదివారాలకు వదిలేయండి. నేపర్‌విల్, షాంబర్గ్ వంటి శివారు ఊళ్ళలో పిల్లలు ఉన్నవారికి నేను పైన చెప్పిన బస్సులు, రైళ్ళ సలహా సగం కూడా పనిచేయదు. అక్కడ కాలినడకకు అందేది పార్కు ఒక్కటే కావచ్చు. అటువంటి వారు సాటి తెలుగు తల్లిదండ్రులు ఏ వీధిలో ఉన్నారో మొదటి వారంలోనే కనుక్కుని కలుసుకోవడం మంచిది.

ఇంటి లోపల కొన్ని తెలిసి ఉండాలి. పోపు పొగకు పైకప్పులోని అలారం మోగుతుంది, కొన్ని భవనాల్లో దానితో పాటు అగ్నిమాపక బండి కూడా వస్తుంది. పొయ్యి వెలిగించకముందే పైన ఫ్యాను వేసి, కిటికీ తెరవండి. స్నానాల గదిలో తొట్టికి బయట నేల మీద నీరు పోయే దారి ఉండదు. చెంబుతో పోసుకునే అలవాటున్నవారు తెరను తొట్టి లోపలికి వేసుకోకపోతే నీరు కింది వాళ్ళ ఇంట్లోకి కారుతుంది. ఇక్కడ కరెంటు 120 వోల్టులు కనుక మన మిక్సీ పనిచేయదు. కుళాయి నీరు శుద్ధి చేసిన సరస్సు నీరే. పాత చిన్న ఇళ్ళకు సీసపు గొట్టాలు ఇంకా చాలా ఉన్నాయి గానీ పెద్ద అపార్ట్‌మెంటు భవనాలకు వచ్చే పెద్ద గొట్టాలు సాధారణంగా సీసంవి కావు. అయినా ఫిల్టరు వాడితే మంచిది.

తెనాలి వాళ్ళతో మాట్లాడటానికి పొద్దున్న పూటే అనువైనది. వేసవిలో ఇక్కడ ఎనిమిదైతే అక్కడ సాయంత్రం ఆరున్నర, నవంబరు నుంచి మార్చి దాకా ఏడున్నర. మీ ఇండియా సిమ్‌ను తీసేయకండి. బయలుదేరే ముందే రోమింగు పెట్టించుకోకపోతే బ్యాంకు ఓటీపీలు రావు. పెన్షను జీవన ప్రమాణ పత్రం గడువు మీరు ఇక్కడ ఉన్న నెలల్లో పడుతుందేమో ట్రెజరీ కార్యాలయంలో అడిగి, ఫోనులో ముఖం చూపి ఇచ్చే పద్ధతిని ఒకసారి అక్కడే చేసి చూసుకోండి.

ఆరోగ్యం గురించి నిర్మొహమాటంగా చెబుతాను. సందర్శకుల బీమా లేకుండా విమానం ఎక్కవద్దు. తక్కువ ప్రీమియం పాలసీలు ఒక్కో చికిత్సకు ఇంత అని స్థిరమైన మొత్తమే ఇస్తాయి, ఇక్కడి బిల్లు ముందు అది ఏ మూలకూ చాలదు. ఖర్చులో అధిక భాగం భరించే సమగ్ర పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో, మీ వయసుకు అది వర్తిస్తుందో లేదో రాతలో చూడండి. పళ్ళు, కళ్ళజోళ్ళ పనులు ఇంటి దగ్గరే ముగించుకోండి. మందులు సాధారణంగా 90 రోజులకు సరిపడా తెచ్చుకోవచ్చు. వాటి అసలు పేర్లతో డాక్టరు చీటీ వెంట ఉండాలి. జ్వరం, చిన్న దెబ్బ వంటి వాటికి అర్జెంట్ కేర్ క్లినిక్కుకు వెళ్ళాలి. ఛాతీ నొప్పి, మాట తడబడటం వంటివి కనిపిస్తే ఖర్చు ఆలోచించకుండా 911కు ఫోన్ చేయాలి. 1986 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం డబ్బు సంగతి ఎలా ఉన్నా ముందు పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలి. ఆసుపత్రిలో తెలుగు దుభాషి కావాలని అడిగితే ఫోను ద్వారానైనా ఏర్పాటు చేస్తారు, దానికి డబ్బు తీసుకోరు. మీ శ్రీమతి గారికి ఆ ఒక్క మాట ఇంగ్లీషులో నేర్పి ఉంచండి.

వీసా మీద పదేళ్ళ గడువు ఉన్నా, మీరు ఎన్నాళ్ళు ఉండవచ్చో నిర్ణయించేది ఐ-94 అనే ప్రవేశ నమోదు పత్రం మీది తేదీ. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. దిగిన వారంలోనే అమ్మాయి చేత దానిని ప్రింటు తీయించి తేదీ చూసుకోండి. ఒక్క రోజు మించినా ఆ వీసా చెల్లకుండా పోతుంది. ఉండక తప్పని పరిస్థితి వస్తే గడువు లోపలే, దానిని పొడిగించమని కోరే ఐ-539 దరఖాస్తు పెట్టాలి. పెద్దలైన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టం, అందుకని నడకకు వెళ్ళినా ఆ ఐ-94 ప్రింటు, పాస్‌పోర్టు నకలు జేబులో ఉండాలి. తెలిసినవాళ్ళు తమ పిల్లలను చూసుకోమనో, పచ్చళ్ళు పెట్టి ఇమ్మనో డబ్బు ఇవ్వజూపితే పుచ్చుకోకండి, సందర్శకుల వీసా మీద సంపాదన నిషిద్ధం.

చివరగా, ఈ వారమే అమ్మాయికి ఫోన్ చేసి ఒక పని పురమాయించండి. ఇటువంటి భవనాల్లో చాలావాటికి వీధి తలుపు ఎలక్ట్రానిక్ తాళంచెవితో తెరుచుకుంటుంది, భార్యాభర్తలకు చెరొకటి మాత్రమే ఇచ్చి ఉండవచ్చు. మీకు అదనంగా రెండు కావాలని భవన కార్యాలయంలో అడగాలి, అవి చేతికి రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. మీరు దిగిన రోజునే అవి మీ ఇద్దరి చేతుల్లోనూ ఉండేలా చూడమనండి.